చార్టుల సారుతో పవర్‌పాయింట్

ఆ ఒక్క ముక్కను తుడిచెయ్యడానికి నేనూ సారూ కలిసి అరగంట కష్టపడ్డాం. తెల్లటి స్లయిడ్ మీద చుక్కల గీతల డబ్బా, అందులో ‘క్లిక్ టు యాడ్ టైటిల్’ అని ఇంగ్లీషు అక్షరాలు. దాని మీద క్లిక్ చేస్తే మాయమవుతుంది. హమ్మయ్య అనుకుని పక్కన ఎక్కడో క్లిక్ చేస్తే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. బ్యాక్‌స్పేస్ కొట్టాం. స్పేస్ బార్ కొట్టి ఖాళీలతో నింపి చూశాం. ఆఖరికి దాని మీద తెల్లటి డబ్బా ఒకటి గీసి కప్పేద్దామా అని కూడా ఆలోచించాం.

“ఇదేంది బిడ్డా, గరిక లెక్కుంది. పీకిన కొద్దీ మొలుస్తుంది” అన్నాడు సారు.

కంప్యూటర్ సెంటర్ నడిపే అన్న వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఎఫ్5 నొక్కాడు. తెర నిండా తెల్లటి స్లయిడ్ పరుచుకుంది. ఆ అక్షరాలు లేవు. “అది మీకు కనిపించేదే. చూసేటోళ్లకు కనిపించదు” అని ఎస్కేప్ నొక్కి వెళ్లిపోయాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను నేర్చుకున్న మొదటి పవర్‌పాయింట్ పాఠం అదే.

ఇది 2004 ఎండాకాలం మాట. డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. చండూరు దారిలో ఉన్న మా ఊరి నుంచి పల్లెవెలుగు బస్సెక్కి రోజూ నల్లగొండ వచ్చేదాన్ని. క్లాక్ టవర్ దగ్గర ఒక మేడ మీద ఉండేది సెంటర్. కింద ఎస్టీడీ బూత్, జిరాక్స్ షాపు. మెట్ల మీద చెప్పులు విడవాలి. లోపల తెర తీస్తే ఏసీ. నిజం చెప్పాలంటే ఆ నెలల్లో సగం మంది కంప్యూటర్ కోసం కాక ఆ ఏసీ కోసమే వచ్చేవాళ్లేమో అని నా అనుమానం. చుట్టూ రాతి గుట్టలున్న ఊరు మాది. మే నెలలో మధ్యాహ్నం బయట అడుగు పెడితే అరికాళ్లు కాలేవి.

కోర్సు పేరు ఎం.ఎస్. ఆఫీస్. ముందు డాస్, తర్వాత విండోస్, వర్డ్, ఎక్సెల్. ఈ వరసలో పవర్‌పాయింట్ ఎప్పుడూ చివరిదే. అందరూ ‘టైపింగు వస్తే ఉద్యోగం, ఎక్సెల్ వస్తే ఇంకా మంచి ఉద్యోగం’ అనుకునేవాళ్లు. పవర్‌పాయింట్ అంటే బొమ్మల ఆట. దానికి వారం రోజులు కేటాయించారు. కంప్యూటర్‌కు ఇద్దరిద్దరు. నా జంట ఎవరంటే ఈ సారు.

ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెప్పేవాడు. మునుగోడు వైపు ఊరు. రిటైరవడానికి రెండు మూడేళ్లే ఉంది. మొదటి రోజు ఆయన చేతిలో మూరెడు పొడవున్న ప్లాస్టిక్ పైపు ముక్క చూసి ప్లంబర్ పని చేస్తాడేమో అనుకున్నాను. అది బోరు వేసినప్పుడు మిగిలిన పైపు. రెండు పక్కలా మూతలు బిగించి, లోపల చార్టులు చుట్టి పెట్టుకునేవాడు. వానకు తడవవు, బస్సులో నలగవు. పూవు భాగాలు, గుండె, విద్యుత్ వలయం, అన్నీ ఆయన చేత్తో వేసినవే. అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉండేవి. సెంటర్లో పిల్లలం ఆయన్ని చార్టుల సార్ అనేవాళ్లం, ఆయన వెనకాల.

ఆ వయసులో ఈ నేర్చుకోవడం ఎందుకు సార్ అని ఒకసారి అడిగాను. హైదరాబాద్‌లో ఏదో ట్రైనింగుకు పోతే అక్కడొకాయన గోడ మీద తెర వేసి, చిన్న మిషన్‌తో పాఠం చూపించాడట. “నాకు రాత్రి నిద్ర వట్టలే. పోయేలోపల ఒక్కసారన్న గట్ల పాఠం చెప్పాలె” అన్నాడు. ‘పోయేలోపల’ అంటే రిటైరయ్యేలోపల అని ఆయన అర్థం. నేను వేరేగా అనుకుని కంగారు పడ్డాను.

మౌస్ ఆయన చేతిలో నిలిచేది కాదు. అప్పటి మౌస్‌ల అడుగున రబ్బరు గోళీ ఉండేది. దుమ్ము పడితే తెర మీద బాణం కదలదు. గోళీ తీసి లోపలి చక్రాల మీది మట్టి గోటితో గీకి మళ్లీ బిగించాలి. ఆ పని మాత్రం ఆయన నా కంటే బాగా చేసేవాడు. అందుకని పని పంచుకున్నాం. మౌస్ నాది, మరమ్మతు ఆయనది.

నా మొదటి ప్రెజెంటేషన్ ‘మా ఊరు’. తొమ్మిది స్లయిడ్లు. కస్టమ్ యానిమేషన్ అనే తలుపు తెరుచుకున్నాక నన్ను ఆపేవాళ్లు లేరు. టైటిల్ సుడి తిరుగుతూ వచ్చేది. చెరువు గురించి రాసిన లైను ఒక్కొక్క అక్షరంగా, టైపురైటర్ చప్పుడుతో పడేది. బస్సు సౌకర్యం అన్న చోట కీచుమని బ్రేకు శబ్దం. అది నా సృజనాత్మకత అని నమ్మాను. చివర్లో చప్పట్లు, కంప్యూటరే కొడుతుంది. నీలం నేల మీద ఎర్ర అక్షరాలు, వాటికి నీడ. వర్డ్‌ఆర్ట్‌లో ఇంద్రధనుస్సు రంగులున్న వంపు అక్షరాలు ఎవరు వదులుకుంటారు?

పిల్లలంతా మా మానిటర్ చుట్టూ మూగారు. అయిపోయాక సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మంచిగనే ఉంది గని బిడ్డా, ఏం రాసినవో నేను చదువలే. అక్షరాలు ఎటుకెల్లి వస్తయో అని చూసుకుంట కూసున్న.”

ఉక్రోషం వచ్చింది. సారుకు కొత్తవి నచ్చవులే అనుకున్నాను.

కానీ ఆయన దగ్గర ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. నేను స్లయిడ్ తయారు చేస్తుండగా ఉన్నట్టుండి లేచి, తలుపు తెర దాకా నడిచి వెళ్లి, అక్కడి నుంచి మానిటర్ వైపు చూసేవాడు. “కనవడ్తలేదు” అని అరిచేవాడు. అందరూ నవ్వేవాళ్లు. క్లాసులో చార్టు వేలాడదీసినప్పుడు చివరి బెంచీ దాకా పోయి చూస్తాడట. అక్కడ కూర్చునే పిల్లవాడికి కనిపించని అక్షరం రాయడం ఎందుకు అంటాడు. అలా అరిచి అరిచి నా చేత అక్షరాల సైజు 18 నుంచి 32కు పెంచించాడు. సైజు పెరిగితే మాటలు పట్టవు. పట్టకపోతే తీసెయ్యాలి. “ఏడు లైన్లు దాటితే అది చార్టు కాదు, కరపత్రం” అనేవాడు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, పవర్‌పాయింట్ పుట్టిందే ఈయన లాంటి వాళ్ల పని కోసమని. అమెరికాలో రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ అనే వాళ్లు ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో దీన్ని తయారు చేశారు. ముందు దానికి ప్రెజెంటర్ అని పేరు. 1987లో మొదటి వెర్షన్ మెకింటోష్ కంప్యూటర్లకు వచ్చింది, అదీ నలుపు తెలుపుల్లో. అప్పుడు దాని ముఖ్యమైన పని ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక షీట్లు తయారు చెయ్యడం. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది. అంటే చార్టూ షీటూ ముందు, ఎగిరే అక్షరాలు తర్వాత. అప్పుడు ఈ సంగతి సారుకు చెప్పగలిగి ఉంటే రెండు రోజులు నన్ను ఏడిపించేవాడు.

వారం కాస్తా నెలైంది, ఎందుకంటే సారు ఒక పని తెచ్చాడు. టీచర్ల సమావేశం ఒకటి జరగబోతోంది, తనకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఫ్లోరైడ్ నీళ్ల మీద పాఠం. “నువ్వు మౌస్ నొక్కు బిడ్డా, నేను చెప్త.”

మా వైపు వాళ్లకు ఫ్లోరైడ్ అంటే పాఠం కాదు. మా ఊళ్లో నడుములు వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగాను. నా పండ్లు కూడా గార పండ్లే. ఎంత తోమినా పోని గోధుమ రంగు చారలు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నాకు ఎప్పుడు అలవాటైందో గుర్తులేదు. ఇంటర్‌లో చేరాకే, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి వింతగా చూస్తేనే, అందరి పండ్లూ ఇలా ఉండవని నాకు గట్టిగా తెలిసింది.

సారు తన పైపులోంచి పాత చార్టులు తీసి నేల మీద పరిచాడు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. పండ్లు తయారయ్యే వయసులో పిల్లలు ఆ నీళ్లు తాగితే గార పడుతుంది. ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లో పేరుకుంటుంది. ఆయన ఎర్ర స్కెచ్‌తో రెండుసార్లు గీత గీసిన వాక్యం ఒకటుంది: కాచినా పోదు. కాస్తే నీరు ఆవిరై, మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మా అమ్మ ఏళ్ల తరబడి మాకు కాచి చల్లార్చిన నీళ్లు ఇచ్చింది, పాపం. జ్వరాలకు అది మంచిదే, దీనికి మాత్రం పనికిరాదు.

ఇంకో చార్టు ‘నల్లగొండ టెక్నిక్’. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేందుకు నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి, మా జిల్లా పేరే పెట్టారు. ప్రపంచానికి మా ఊరి పేరు ఇలా తెలిసిందని సంతోషపడాలో ఏడవాలో తెలియదు. బకెట్ నీళ్లలో సున్నం, పటిక కలిపి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంట సేపు కదపకుండా ఉంచాలి. మడ్డి అడుక్కు దిగుతుంది, దానితో పాటే ఫ్లోరైడూ. పైన తేట నీళ్లు కుళాయి తిప్పి పట్టుకోవాలి. అందుకే కుళాయి అట్టడుగున కాకుండా కొంచెం పైకి ఉంటుంది.

ఈ బకెట్ దగ్గర నాకూ సారుకూ రాజీ కుదిరింది. అప్పటి దాకా ఆయన నా యానిమేషన్లన్నీ తీయించేశాడు. చప్పట్లు పోయాయి, బ్రేకు పోయింది. బకెట్ స్లయిడ్‌లో మాత్రం నేను చిన్న చిన్న తెల్ల గుండ్రాలు గీసి, ఒక్కోదానికీ ‘క్రాల్ ఫ్రమ్ టాప్’ పెట్టాను. మౌస్ నొక్కితే అవి పైనుంచి మెల్లగా జారి బకెట్ అడుక్కు చేరాయి. సారు మళ్లీ నొక్కమన్నాడు. మళ్లీ. “గిది చార్టు మీద నేను చెయ్యలేను” అన్నాడు. తలుపు తెర దాకా నడిచి వెళ్లి అక్కడి నుంచి ఇంకోసారి చూశాడు. ఏమీ అరవలేదు.

పండ్ల బొమ్మ కోసం క్లిప్ ఆర్ట్ అంతా వెతికాను. ఉన్నవన్నీ తెల్లగా మెరిసే పండ్లే, పేస్టు ప్రకటనల్లో లాగా. చివరికి పెయింట్ తెరిచి నేనే గీశాను. రంగు దగ్గర చిక్కొచ్చింది. పసుపు ఎక్కువైతే మొక్కజొన్న గింజల్లా ఉన్నాయి, గోధుమ ఎక్కువైతే కుళ్లినట్టు ఉన్నాయి. బ్యాగులోంచి చిన్న అద్దం తీసి కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. పళ్లు బయటపెట్టి అద్దంలోకీ, తెర మీదకూ చూస్తూ రంగు కలిపాను. పక్కన కూర్చున్న సారు కాసేపు చూసి, మొహం అటు తిప్పుకుని మౌస్ గోళీ తీసి తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

మిగతాదంతా తొందర తొందరగా జరిగింది. స్లయిడ్ సార్టర్ నొక్కితే స్లయిడ్లన్నీ చిన్న చిన్నగా ఒకే తెర మీద పరుచుకుంటాయి, లాగి వరస మార్చుకోవచ్చు. సారుకు అన్నిటికన్నా నచ్చింది అదే, నేల మీద చార్టులు పరిచినట్టే అని. కింద పేరు, తేదీ పెట్టడానికి పన్నెండు స్లయిడ్లలో పన్నెండుసార్లు టైప్ చేశాక, స్లయిడ్ మాస్టర్‌లో ఒక్కసారి పెడితే చాలని తెలిసింది. కరెంటు రెండుసార్లు ముంచింది. యూపీఎస్ కుయ్యిమనగానే సెంటర్ అన్న “సేవ్! సేవ్!” అని గది ఆ చివర నుంచి పరుగెత్తుకొచ్చేవాడు. ఇప్పటికీ మాట్లాడుతూ మాట్లాడుతూ నా ఎడమ చెయ్యి కంట్రోల్ ఎస్ నొక్కేస్తుంది.

తెలుగు టైపింగు మాకు రాదు. సెంటర్లో పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టే డీటీపీ అన్న అను ఫాంట్లలో కొట్టి ఇచ్చాడు. బొమ్మలన్నీ కలిపితే ఫైలు 3 ఎంబీ దాటింది, ఫ్లాపీలో పట్టేది 1.44. ఆయనే బొమ్మలను జేపెగ్‌గా మార్చి, ఫ్లాపీలోకి ఎక్కించాడు. సారు దాని లేబుల్ మీద తన చార్టు అక్షరాలతో ‘నీళ్లు’ అని రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సమావేశం రోజు నాకు చేతులు చల్లబడ్డాయి. హాల్లో నూరు మంది దాకా టీచర్లు. వాళ్లలో నాకు పాఠాలు చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. ప్రొజెక్టర్ హైదరాబాద్ నుంచి అద్దెకు తెప్పించారు, కంప్యూటరూ వాళ్లదే. ఫ్లాపీ పెట్టాను. గరగరమంది. ఫైలు తెరుచుకుంది. ఎఫ్5 నొక్కాను.

గోడ నిండా డాలర్ గుర్తులు, కొక్కేలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు.

ఆ కంప్యూటర్‌లో అను ఫాంట్లు లేవు. ఇప్పుడైతే ఇది చిన్న పిల్లలకూ తెలుసు. యూనికోడ్ వచ్చాక తెలుగు ఎక్కడికి పోయినా తెలుగే. అప్పటి ఫాంట్లు అలా కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ముసుగు జారిపోయి అడుగున ఉన్నది బయటపడుతుంది. ప్రతి స్లయిడ్‌నూ బొమ్మగా సేవ్ చేసి తీసుకుపోవచ్చని నేను తర్వాత నేర్చుకున్నాను. ఆ రోజు మాత్రం తెలియదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సారు తెర వైపు ఒకసారి చూశాడు. నా వైపు చూశాడు. “బంద్ చెయ్యి బిడ్డా” అన్నాడు నెమ్మదిగా.

ఎస్కేప్ నొక్కితే ఆ చెత్తంతా చిన్నదై అలాగే ఉంటుంది. కానీ సెంటర్లో ఒకరోజు షో నడుస్తుండగా పొరపాటున ఎఫ్1 నొక్కితే షోలో పనిచేసే మీటల జాబితా ఒకటి తెరుచుకుంది. దాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. బి నొక్కితే తెర నల్లబడుతుంది. నొక్కాను. గోడ చీకటైంది.

సారు మాట్లాడటం మొదలుపెట్టాడు. 1996 పార్లమెంటు ఎన్నికల నుంచి అందుకున్నాడు. నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని నల్లగొండ నుంచి పోటీకి దిగినవాళ్లను కలుపుకుని 480 మంది అభ్యర్థులయ్యారని, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయిందని చెప్తుంటే హాల్లో ఉన్న సగం మందికి ఆ ఎన్నికల డ్యూటీ గుర్తొచ్చి గొణుగుడు లేచింది. ఆ పెద్ద బ్యాలెట్ మడతపెట్టి డబ్బాలో వేయించడానికి పడ్డ పాట్లు ఒకాయన లేచి చెప్పాడు. అది మా స్లయిడ్లలో లేదు.

మధ్యలో సారు చెయ్యి ఎత్తి “బకెట్” అన్నాడు. ఆ జాబితాలోనే ఇంకో కిటుకు ఉంది: స్లయిడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి పోతుంది. 9, ఎంటర్. బకెట్ వచ్చింది. బొమ్మలకు ఫాంట్‌తో పని లేదు కదా. నొక్కాను. గుండ్రాలు మెల్లగా దిగాయి. హాలంతా నిశ్శబ్దంగా అవి అడుక్కు చేరేదాకా చూసింది. మళ్లీ బి. మళ్లీ చీకట్లో సారు గొంతు.

“పండ్లు” అన్నాడు. 5, ఎంటర్.

ముందు వరసలో ఒక మేడం అడిగింది, ఈ బొమ్మ ఎక్కడ దొరికిందమ్మా, అచ్చం మనోళ్ల పండ్ల లెక్కనే ఉన్నయని.

“అద్దంల చూసి వేసిన మేడం” అన్నాను. ఆవిడ నవ్వింది. ఆవిడవీ అదే రంగు.

ఇరవై నిమిషాలు ముప్పై అయ్యాయి. ఎవరూ లెమ్మనలేదు.

బయటికి వచ్చాక సారు క్లాక్ టవర్ దగ్గర బత్తాయి రసం తాగించాడు. మా జిల్లా బత్తాయిలు, ఐస్ లేకుండా. డీటీపీ అన్నను కాసేపు తిట్టుకున్నాం, ఫాంటు సంగతి ముందే చెప్పలేదని. తిట్టుకుంటూనే ఇద్దరం నవ్వాం. చండూరు బస్సు వస్తే నేను లేచాను.

“ఆగు బిడ్డా” అని జేబులోంచి చిన్న డైరీ, పెన్ను తీశాడు. “తెరను నల్లగ చేసే మీట ఏందన్నవ్?”

“బి సార్.”

పేజీ నిండా, చివరి బెంచీ నుంచి కనిపించేంత పెద్దగా, రెండుసార్లు దిద్ది రాసుకున్నాడు.